అంధ పాఠకుల చేతి పఠన యంత్రం: వినియోగం ఎలా ఆరంభించాలి – సమాచార వ్యాసం

దృష్టిలోపం గల వారు ఇతరుల సాయం లేకుండా పుస్తకాలు చదువుకొనేందుకు ఉపకరించే చేతి పఠన యంత్రాలు గత రెండు దశాబ్దాలలో మన దేశంలోని విద్యాసంస్థలకు, పునరావాస కేంద్రాలకు, ఎన్నో గృహాలకు చేరినవి. కేంద్ర ప్రభుత్వం ‘ఏడిప్’ పథకం కింద చేపట్టే ఉపకరణాల పంపిణీలో ‘డైసీ ప్లేయర్’ పేరిట అందజేసేది ఈ కోవకు చెందిన యంత్రమే. అయితే యంత్రం చేతికి అందడం ఒక ఎత్తు, దానితో ఒక పుస్తకాన్ని ఆసాంతం చదవగలగడం మరొక ఎత్తు. ఈ రెండింటి నడుమ చేయవలసిన పని స్వల్పమే అయినప్పటికీ, అది సాధారణంగా ఎవరి విధుల జాబితాలోనూ చేరదు. ఫలితంగా విలువైన యంత్రం అట్టపెట్టెలోనే ఉండిపోయే ప్రమాదం ఉన్నది. ఈ యంత్రం ఎట్లా పనిచేస్తుంది, తొలి గంటలో ఏమి నేర్పాలి, తెలుగు పుస్తకాల విషయంలో ఎదురయ్యే ప్రత్యేక చిక్కులేమిటి అనే విషయాలను పత్రికా ప్రతినిధుల, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం ఇక్కడ వివరించడమైనది.

2011 జనగణన ప్రకారం దేశంలో దృష్టిలోపం గల వారి సంఖ్య 50 లక్షలకు పైగా ఉన్నది. వీరిలో పూర్తి అంధులు, పాక్షిక దృష్టి గలవారు, మలివయసులో చూపు కోల్పోయినవారు ఉన్నారు. చిన్ననాటి నుండి బ్రెయిల్ లిపి నేర్చినవారికి చదువు వేళ్ళ కొసలలోనే ఉంటుంది. నలభై, యాభై ఏళ్ళ వయసులో చూపు పోయినవారికి బ్రెయిల్ నేర్చుకోవడం సులువు కాదు. వినికిడి ద్వారా చదివించే యంత్రం అటువంటి వారికి మరింత అక్కరకు వస్తుంది.

మూడు విధాల యంత్రాలు

‘అంధులకు చదివి వినిపించే యంత్రం’ అని వార్తలలో వ్రాసేటప్పుడు మూడు వేర్వేరు పరికరాలను ఒకటిగా కలపడం తరచుగా కనిపిస్తుంది. వీటిని విడిగా గుర్తించడం అవసరం.

మొదటిది అచ్చు కాగితాన్ని ఫొటో తీసి, అందలి అక్షరాలను గుర్తించి, పైకి చదివే యంత్రం. అమెరికాకు చెందిన రే కర్జ్‌వైల్ 1976లో వెలువరించిన పఠన యంత్రం ఈ మార్గానికి ఆద్యం. అప్పట్లో అది బల్లపై అమర్చవలసిన భారీ పరికరం. 2006లో అక్కడి జాతీయ అంధుల సమాఖ్యతో కలిసి ఆయన చేతిలో ఇమిడే రూపాన్ని తెచ్చారు. రెండవది బ్రెయిల్ చుక్కలు వాటంతట అవే పైకి లేచి, వేళ్ళతో తడిమి చదువుకొనేందుకు వీలు కల్పించే పరికరం. ఒకే వరుసలో 20 బ్రెయిల్ గడులు గల ‘ఆర్బిట్ రీడర్ 20’ ఇందుకు ఉదాహరణ. మూడవది, ఈ వ్యాసానికి విషయమైనది, ముందుగానే సిద్ధపరచిన పుస్తకాన్ని మెమరీ కార్డు నుండి వినిపించే డైసీ ప్లేయర్. దీనికి కెమెరా ఉండదు. ఎదుట పెట్టిన కాగితాన్ని ఇది చదవదు. పుస్తకం ఇచ్చినప్పుడే చదువుతుంది. పంపిణీ చేసే అధికారులు మొట్టమొదట లబ్ధిదారుకు స్పష్టం చేయవలసిన సంగతి ఇదే. ఏ కాగితం పెట్టినా చదివి వినిపిస్తుందని ఆశించి తీసుకొన్నవారు మరునాడే నిరుత్సాహపడటం సహజం.

డైసీ అనగా నేమి

డైసీ అనేది పుస్తకాన్ని అమర్చే ఒక అంతర్జాతీయ పద్ధతికి గల పేరు. ఏ ఒక్క కంపెనీ యంత్రానికో పెట్టిన పేరు కాదు. దీనిని తీర్చిదిద్దేందుకు వివిధ దేశాల అంధ గ్రంథాలయాలు కలిసి 1996లో డైసీ కన్సార్షియంగా ఏర్పడినవి. మన దేశంలో ఈ పద్ధతిన పుస్తకాలు తయారుచేసే సంస్థల సమాఖ్య డైసీ ఫోరమ్ ఆఫ్ ఇండియా.

ఈ పద్ధతి ఎందుకు అవసరమయిందో తెలియాలంటే క్యాసెట్ల కాలాన్ని గుర్తు చేసుకోవాలి. స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారు పాఠ్యపుస్తకాలను చదివి క్యాసెట్లలో రికార్డు చేసి అంధ విద్యార్థులకు ఇచ్చేవారు. ఒక లావుపాటి చరిత్ర పుస్తకానికి పది, పదిహేను క్యాసెట్లు పట్టేవి. ఏడవ అధ్యాయంలోని రెండవ ఉపశీర్షిక కావలసిన విద్యార్థి ఏ క్యాసెట్టు, ఏ పక్క, ఎంత దూరం అనేది అంచనాతో తిప్పుకొంటూ పోవలసి వచ్చేది. ఉపాధ్యాయుడు తరగతిలో “142వ పేజీ తీయండి” అంటే చూపున్న పిల్లలు క్షణంలో తీసేవారు, అంధ విద్యార్థి మాత్రం ఆ పాఠం ముగిసేవరకూ వెతుకుతూనే ఉండేవాడు. క్యాసెట్టు వినిపించింది గానీ, పుస్తకాన్ని తెరవనివ్వలేదు. ధ్వనిని ఎంపీ3 ఫైళ్ళుగా మార్చినంత మాత్రాన కూడా ఈ ఇబ్బంది తీరదు.

డైసీ పుస్తకంలో ధ్వనితో బాటు ఒక దారిచూపే ఫైలు ఉంటుంది. భాగం, అధ్యాయం, శీర్షిక, ఉపశీర్షిక ఎక్కడ మొదలవుతున్నాయో, అచ్చు పుస్తకంలోని ఏ పేజీ ధ్వనిలో ఏ క్షణాన వస్తుందో అందులో గుర్తులుగా నమోదై ఉంటుంది. శీర్షికలను ఆరు స్థాయిల వరకు ఏర్పరచవచ్చును. పాఠకుడు 142 అని సంఖ్య నొక్కితే యంత్రం సరిగ్గా ఆ పేజీ మొదటి మాట వద్దకు వెళుతుంది. అంధ విద్యార్థి తరగతితో సమానంగా పేజీ తిప్పగలగడం ఈ పద్ధతి వల్ల సాధ్యమైనది. పఠన యంత్రం విలువ అంతా ఇక్కడే ఉన్నది. గుర్తులు లేని పుస్తకం వేసిన డైసీ ప్లేయరు, ధర ఎంతదైనా, టేపురికార్డరుతో సమానమే.

తొలి గంట

ఈ కోవకు చెందిన యంత్రాలలో ప్రపంచమంతటా ఎక్కువ మందికి పరిచయమైనది కెనడాకు చెందిన హ్యూమన్‌వేర్ కంపెనీ 2007లో విడుదల చేసిన ‘విక్టర్ రీడర్ స్ట్రీమ్’. 2013లో ఇంటర్నెట్‌కు అనుసంధానమయ్యే రూపం వచ్చింది. ఆ తరువాతి రూపాలలోనూ బటన్ల అమరిక చాలా వరకు అదే. ఇతర కంపెనీల యంత్రాలలో బటన్ల స్థానాలు కొంత మారినా, నేర్పే క్రమం ఒక్కటే గనుక ఇక్కడ దీనినే ఉదాహరణగా తీసుకోవడమైనది.

యంత్రాన్ని లబ్ధిదారు చేతిలో పెట్టి, ఆన్ చేయకుండా కొన్ని నిమిషాలు తడిమి చూడనివ్వాలి. పాతకాలపు టెలిఫోన్‌లో మాదిరిగా 12 అంకెల బటన్లు మూడు నిలువు వరుసలలో ఉంటాయి. నడుమనున్న 5 అంకెపై వేలికి తగిలే ఉబ్బెత్తు గుర్తు ఉంటుంది. చూపుడువేలు ఆ గుర్తుపై నిలిపితే మిగిలిన అంకెలన్నీ దాని చుట్టూ దొరుకుతాయి. దిగువన ప్లే బటన్, దానికి ఇరుపక్కల వెనక్కు, ముందుకు జరిపే బటన్లు ఉంటాయి. ఎడమ అంచున ఆన్ చేసే బటన్, శబ్దాన్ని, వేగాన్ని హెచ్చుతగ్గులు చేసే బటన్లు ఉంటాయి. నేర్పేవారు వేలును పట్టుకొని ఈ బటన్ మీద, ఆ బటన్ మీద పెట్టడం కంటే, “5కు ఎడమ పక్క 4, కుడి పక్క 6” అని మాటలో చెప్పడం మేలు. పట్టుకొని చూపించినది ఆ కాసేపే గుర్తుంటుంది.

ఆన్ చేసిన తరువాత నేర్పవలసిన మొదటి బటన్ ప్లే కాదు, 0. దానిని కొద్దిసేపు నొక్కి పట్టుకొంటే బటన్ వివరణ స్థితి వస్తుంది. అప్పుడు ఏ బటన్ నొక్కినా యంత్రం ఆ పని చేయకుండా దాని పేరు మాత్రమే చెబుతుంది. ఏదో నొక్కితే యంత్రం పాడవుతుందేమోనన్న భయం కొత్తవారికి, ముఖ్యంగా పెద్ద వయసు వారికి ఎక్కువ. ఈ స్థితిలో అన్ని బటన్లనూ నిశ్చింతగా నొక్కి తెలుసుకోవచ్చునని చెబితే ఆ భయం తొలి పది నిమిషాలలోనే పోతుంది. మళ్ళీ 0 నొక్కి పట్టుకొంటే మామూలు స్థితి వస్తుంది.

తరువాత నాలుగు బటన్లు: 2, 8, 4, 6. వీటిలో 2, 8 అనేవి ఏ స్థాయిలో కదలాలో ఎంచుకొనేందుకు. 4, 6 అనేవి ఆ స్థాయిలో వెనక్కు, ముందుకు కదిలేందుకు. కొత్తవారు తడబడేది ఇక్కడే. 2 నొక్కగానే పుస్తకంలో ఏదో జరుగుతుందని ఎదురుచూస్తారు. నిజానికి అది ‘అధ్యాయం’ అనో ‘పేజీ’ అనో ‘వాక్యం’ అనో చెప్పి ఊరుకొంటుంది. బస్సు ఎక్కే ముందు ఆర్డినరీయా, ఎక్స్‌ప్రెస్సా అని చూసుకోవడం వంటిది అది. ప్రయాణం మొదలయ్యేది 6 నొక్కినప్పుడే. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అధ్యాయం దగ్గర, ఆర్డినరీ ఎక్కితే ప్రతి పేరా దగ్గర ఆగుతుంది. ఈ పోలికతో చెబితే చాలామందికి వెంటనే బోధపడుతుంది.

5 నొక్కితే ‘నేను ఎక్కడున్నాను’ అన్న ప్రశ్నకు జవాబు వస్తుంది. 0 నొక్కితే యంత్రం గురించి, బ్యాటరీ గురించి సమాచారం చెబుతుంది. 1ని నొక్కి పట్టుకొంటే వినియోగదారు కరదీపిక వినిపిస్తుంది. పై వరుసలోని పేజీకి వెళ్ళే బటన్ నొక్కి సంఖ్య ఇచ్చి నిర్ధారిస్తే కోరిన పేజీ వస్తుంది. బుక్‌మార్క్ బటన్ పరీక్షలకు చదివేవారికి ముఖ్యం. యంత్రం ఎక్కడ ఆపితే మళ్ళీ అక్కడి నుండే మొదలుపెడుతుంది గనుక, కథల పుస్తకం చదివేవారికి దాని అవసరం అంతగా ఉండదు. 3వ అంకెలో పుస్తకాన్ని తొలగించే ఆజ్ఞ ఉన్నదని మాత్రం ముందే చెప్పి ఉంచడం మంచిది.

తొలిరోజు ఇంతకు మించి నేర్పనవసరం లేదు. ఇంటర్నెట్, రికార్డింగ్, సంగీతం వంటివి వారం తరువాత చూసుకోవచ్చును. చదివే వేగం విషయంలోనూ తొందర కూడదు. అలవాటుపడినవారు మామూలు వేగానికి రెట్టింపు వేగంతో వింటూ సునాయాసంగా అర్థం చేసుకొంటారు. కొత్తవారికి ఆ వేగం చూపించి ఆశ్చర్యపరచడం వల్ల ప్రయోజనం లేదు.

మెమరీ కార్డులో పుస్తకం

కార్డును యంత్రంలో పెట్టడం అంధులు స్వయంగా చేసుకోగలిగిన పనే. కార్డుకు ఒక మూల కోసినట్లు ఉంటుంది. ఆ మూలను వేలితో గుర్తించి సరైన దిశలో దూర్చాలి. కొత్త కార్డు పెడితే యంత్రం అందులో తనకు కావలసిన ఫోల్డర్లను తానే ఏర్పరచుకొంటుంది. డైసీ పుస్తకాలకు ఒకటి, ఇతర ధ్వని పుస్తకాలకు ఒకటి, పాఠ్యపు ఫైళ్ళకు ఒకటి, సంగీతానికి ఒకటి. ఏది ఏ ఫోల్డరులో వేయాలో అందులోనే వేయాలి. పాఠ్యపుస్తకాన్ని సంగీతం ఫోల్డరులో వేస్తే పేజీ గుర్తులు పనిచేయవు.

కార్డులోకి పుస్తకం ఎక్కించేటప్పుడు జరిగే పొరపాట్లు ముఖ్యంగా రెండు. జిప్ రూపంలో వచ్చిన పుస్తకాన్ని విప్పకుండానే వేయడం ఒకటి. విప్పిన తరువాత ధ్వని ఫైళ్ళను మాత్రమే ఏరి వేసి, మిగిలిన చిన్న చిన్న ఫైళ్ళు అనవసరమని వదలివేయడం రెండవది. ఆ చిన్న ఫైళ్ళలోనే పుస్తకం దారి అంతా ఉన్నది. ఫోల్డరు మొత్తాన్ని, పేరు మార్చకుండా, ఉన్నదున్నట్లు వేయాలి. ఒక్కొక్క పుస్తకానికి ఒక్కొక్క ఫోల్డరు ఉండాలి. కంప్యూటరు తెలిసిన ఒక బంధువుకో, పాఠశాలలోని ఒక ఉపాధ్యాయునికో, గ్రంథాలయ ఉద్యోగికో ఈ ఒక్క పని నేర్పితే చాలు, యంత్రం ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ఎవరికీ నేర్పకపోతే తొలుత ఇచ్చిన పుస్తకాలు అయిపోయిన నాటితో దాని పని కూడా అయిపోతుంది.

తెలుగు పుస్తకాల సంగతి

ఇక అసలు విషయానికి వస్తే, ఒక తెలుగు పుస్తకం ఈ యంత్రంలో రెండు విధాలుగా ఉండవచ్చును. మనిషి చదివి రికార్డు చేసిన ధ్వని పుస్తకం మొదటిది. దీనికి భాషతో నిమిత్తం లేదు. ఏ దేశంలో తయారైన యంత్రమైనా తెలుగు ధ్వనిని యథాతథంగా వినిపిస్తుంది. రెండవది పాఠ్యపు పుస్తకం. ఇందులో అక్షరాలే ఉంటాయి, వాటిని యంత్రంలోని కృత్రిమ స్వరం పైకి చదవాలి. ఆ స్వరానికి తెలుగు రావాలి. కొనుగోలుకు ముందే యంత్రంలో తెలుగు స్వరం ఉన్నదా లేదా అని ఒక తెలుగు ఫైలు వేసి విని నిర్ధారించుకోవడం అధికారుల బాధ్యత. బ్రోచర్‌లో ‘భారతీయ భాషలు’ అని ఉన్నంత మాత్రాన సరిపోదు.

స్వరం ఉన్నా, పుస్తకం ఫైలు సరైనది కాకపోతే ప్రయోజనం శూన్యం. తెలుగు ప్రచురణలో, కార్యాలయాలలో దీర్ఘకాలం వాడుకలో ఉన్న అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం కంప్యూటరుకు తెలుగు అక్షరంగా తెలియదు. ఇంగ్లీషు అక్షరాలకు, విరామ చిహ్నాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు అచ్చుల బొమ్మలు పెట్టిన పద్ధతి అది. కంటికి చక్కని తెలుగు కనిపిస్తుంది. యంత్రం చెవికి మాత్రం అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుస. డి.టి.పి. కేంద్రం నుండి పుస్తకం ఫైలు తెచ్చి కార్డులో వేసి, యంత్రం ఏదో గొణుగుతున్నదని ఫిర్యాదు వచ్చినప్పుడు దోషం సాధారణంగా యంత్రానిది కాదు, ఫాంటుది.

తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుండే ప్రత్యేక స్థానం ఉన్నది. మండలి, సురవరం, రామభద్ర, గురజాడ, మల్లన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి. కొత్తగా తయారుచేసే పత్రాన్ని యూనికోడ్‌లో తయారుచేయడానికి అదనపు ఖర్చు లేదు. పాత ఫైళ్ళను యూనికోడ్‌కు మార్చే ఉపకరణాలు ఉన్నాయి గానీ, మార్చిన తరువాత ఒత్తులు, పొల్లులు ఒకసారి సరిచూడక తప్పదు.

పత్రం ఏ విధమైనదో తెలుసుకోవడానికి సాంకేతిక పరిజ్ఞానం అక్కరలేదు. అందులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి సెల్‌ఫోన్‌లోని సందేశంలో పెట్టి చూడాలి. తెలుగుగానే కనిపిస్తే అది యూనికోడ్. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే పాత ఫాంటు. అసలు వాక్యాన్ని ఎంచుకోవడమే సాధ్యం కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. సంతకం, ముద్రలతో సహా స్కాన్ చేసి ఉంచిన ఉత్తర్వులు, దరఖాస్తు ఫారాలు ఈ మూడవ కోవకు చెందుతాయి. అంధులకు సంబంధించిన పథకం మార్గదర్శకాలే స్కాన్ బొమ్మగా వెబ్‌సైట్‌లో ఉంటే, అవి ఎవరి కోసమో వారే చదవలేరు. సంతకం గల ప్రతితో బాటు యూనికోడ్ ప్రతిని కూడా ఉంచడం దీనికి తేలికైన మార్గం. పి.డి.ఎఫ్. విషయంలో మరొక జాగ్రత్త అవసరం. యూనికోడ్‌లో టైపు చేసినదైనా పి.డి.ఎఫ్.గా మార్చినప్పుడు కొన్ని సందర్భాలలో తెలుగు సంయుక్తాక్షరాల వరుస చెదిరిపోతుంది. వీలున్న చోట వర్డ్ ఫైలు గానీ, ఈపబ్ గానీ ఇవ్వడం శ్రేయస్కరం.

శీర్షికల విషయం ఇంకా తేలిక, అందుకే ఇంకా నిర్లక్ష్యానికి గురవుతున్నది. వర్డ్‌లో టైపు చేసేవారు అధ్యాయం పేరును పెద్ద అక్షరాలలో, లావుగా పెడతారు. కంటికి అది శీర్షికే, యంత్రానికి మాత్రం మామూలు వాక్యం. అదే వర్డ్‌లోని ‘హెడింగ్’ శైలిని ఎంచుకొని పెడితే అది గుర్తుగా నమోదవుతుంది. ఈ విధంగా తయారైన పత్రాన్ని డైసీ కన్సార్షియం ఉచితంగా అందిస్తున్న ‘వర్డ్ టు ఈపబ్’ ఉపకరణంతో ఈపబ్ పుస్తకంగా మార్చవచ్చును. అప్పుడు 2, 8, 4, 6 బటన్లు ఆ పుస్తకంలో పనిచేస్తాయి. టైపిస్టు ఒక అధ్యాయానికి వెచ్చించే అదనపు శ్రమ ఒక్క క్లిక్కు. దాని వల్ల కలిగే వ్యత్యాసం పుస్తకాన్ని తెరవగలగడానికి, కేవలం వినడానికి మధ్య గల వ్యత్యాసమంత.

పుస్తకాలు ఎక్కడ లభిస్తాయి

కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల సాధికారత విభాగం డైసీ ఫోరమ్ ఆఫ్ ఇండియాతో కలిసి 2016 ఆగస్టు 24న ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయాన్ని ప్రారంభించింది. అచ్చు పుస్తకం చదవలేని వైకల్యం గలవారు ధ్రువీకరణతో సభ్యులై పుస్తకాలను పొందవచ్చును. కంప్యూటరు అలవాటు లేనివారు ఫోరమ్‌లోని సభ్య సంస్థ ద్వారా పొందవచ్చును. డెహ్రాడూన్‌లోని జాతీయ దృష్టి దివ్యాంగుల సాధికారత సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ విభాగం ఉన్నది. ఇంగ్లీషు, హిందీ పుస్తకాలతో పోల్చినప్పుడు తెలుగు పుస్తకాలను పెంచవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. పైన చెప్పిన ఫాంటు సమస్య పరిష్కారమైతే ఈ పని సగం సులువవుతుంది.

కాపీరైటు గురించి ప్రచురణకర్తలలో, కళాశాల గ్రంథాలయాలలో సందేహాలు ఉన్నాయి. 2012 కాపీరైటు సవరణ చట్టం వీటికి సమాధానం చెప్పింది. చట్టంలోని 52వ సెక్షన్‌కు చేర్చిన నిబంధన ప్రకారం, వైకల్యం గల వ్యక్తి తన చదువు కోసం, లేదా లాభాపేక్ష లేని సంస్థ అటువంటి వారి కోసం పుస్తకాన్ని చదవగలిగే రూపంలోకి మార్చడం ఉల్లంఘన కాదు. అయితే ఆ ప్రతి ఇతరుల చేతికి, వ్యాపారానికి వెళ్ళకుండా చూడాలి. ఈ విషయమై మర్రాకేష్‌లో 2013 జూన్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని ధ్రువీకరించిన మొట్టమొదటి దేశం భారతదేశం. 2014లో మన దేశం ధ్రువీకరించగా, ఒప్పందం 2016 సెప్టెంబరు 30న అమలులోకి వచ్చింది. ఒక దేశంలో తయారైన చదవగలిగే ప్రతిని మరొక దేశానికి పంపుకొనే వీలు దీనివల్ల కలిగింది. విదేశాలలో ఉన్న తెలుగు అంధ పాఠకులకు కూడా ఇది వర్తించే సౌకర్యమే, ఆ దేశం ఒప్పందంలో చేరి ఉన్నట్లయితే.

అధికారుల విధి

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 17వ సెక్షన్ ప్రకారం నిర్దేశిత స్థాయి వైకల్యం గల విద్యార్థులకు 18 ఏళ్ళ వయసు వరకు పుస్తకాలు, ఇతర బోధన సామగ్రి, తగిన ఉపకరణాలు ఉచితంగా అందించవలసి ఉన్నది. ఇందులో పుస్తకాలు, ఉపకరణాలు పక్కపక్కనే ఉన్నాయని గమనించాలి. యంత్రం ఇచ్చి, జూన్‌లో తరగతులు మొదలైన నాటికి ఆ ఏటి పాఠ్యపుస్తకం చదవగలిగే రూపంలో ఇవ్వకపోతే సగం పనే జరిగినట్లు. 42వ సెక్షన్ అచ్చు, ధ్వని, ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోని సమాచారం అందరికీ అందుబాటు రూపంలో ఉండేట్లు చర్యలు తీసుకోవాలని ప్రభుత్వాలను ఆదేశిస్తున్నది. కార్యాలయపు ఉత్తర్వులు, పత్రికా ప్రకటనలు సైతం ఇందులోకి వస్తాయి.

పంపిణీ నాడు యంత్రంతో బాటు ఆయా వ్యక్తికి పనికివచ్చే రెండు, మూడు తెలుగు పుస్తకాలను కార్డులో ముందే వేసి ఇవ్వడం మంచి ఆచారం. విద్యార్థికి అతని పాఠ్యపుస్తకం, వయోవృద్ధురాలికి ఆమె కోరిన భాగవతమో, నవలో. ఖాళీ కార్డుతో ఇచ్చిన యంత్రం ఇంటికి వెళ్ళి మాట్లాడదు. ఛార్జింగ్ వైరు తగిలించడం, కార్డు తీసి పెట్టడం అక్కడికక్కడే లబ్ధిదారు చేత చేయించాలి. నెల తరువాత ఫోన్ చేసి, ఏ పుస్తకం చదువుతున్నారని అడగాలి. “యంత్రం బాగుందా” అని అడిగితే బాగుందనే చెబుతారు. ఏ పుస్తకమని అడిగితే గానీ సంగతి తెలియదు. పత్రికా ప్రతినిధులు కూడా పంపిణీ సభ ఫొటోతో సరిపెట్టకుండా ఈ రెండవ ప్రశ్న వేసినట్లయితే పాఠకులకు నిజమైన సమాచారం అందుతుంది.

సెల్‌ఫోన్ ఉండగా యంత్రం ఎందుకు

ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరను చదివే సౌకర్యం, తెలుగు స్వరం లభిస్తున్నాయి. కంప్యూటరులో పనిచేసే ఎన్.వి.డి.ఎ. అనే తెర చదువరిని ఇద్దరు ఆస్ట్రేలియా అంధ యువకులు 2006లో ఆరంభించి ఉచితంగా అందించారు. యువత ఎక్కువగా వీటి వైపే మొగ్గుతున్నది, అందులో తప్పేమీ లేదు. ప్రత్యేక యంత్రం స్థానం మరొకటి. నున్నని తెరపై వేలు ఎక్కడ పెట్టాలో తోచని పెద్దవారికి, వేలికి తగిలే బటన్లు ధైర్యాన్నిస్తాయి. చదువు నడుమ ఫోన్ కాల్ రాదు. ఫోన్‌లను అనుమతించని వసతిగృహంలో, తరగతిలో కూడా దీనిని అనుమతించే అవకాశం ఉంటుంది. ఇంటర్నెట్ లేని గ్రామంలోనూ కార్డులోని పుస్తకం చదువుతుంది.

బ్రెయిల్‌కు ఇది ప్రత్యామ్నాయం కాదన్న సంగతి ఉపాధ్యాయులు మరువరాదు. విని చదివే పిల్లవానికి ‘శ’, ‘ష’ల తేడా, ‘ళ’ ఎక్కడ, ‘ల’ ఎక్కడ, ఒత్తు ఉన్నదా లేదా అన్నది నిశ్చయంగా తెలియదు. అక్షరం వేలికి తగిలితేనే వ్రాత వస్తుంది. భారతీయ భాషలకు ఉమ్మడిగా 1951లో రూపొందిన భారతి బ్రెయిల్‌లో తెలుగుకు కూడా సంకేతాలు ఉన్నాయి. పదేళ్ళలోపు పిల్లలకు బ్రెయిల్ పలకను పక్కన పెట్టి యంత్రాన్ని చేతికిచ్చే ధోరణి సరికాదని అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు చెబుతూ ఉంటారు. పై తరగతులలో పుస్తకాలు లావవుతున్న కొద్దీ యంత్రం ఉపయోగం పెరుగుతుంది.

జాగ్రత్తలు

యంత్రాన్ని వాడకపోయినా నెలకు ఒకసారి ఛార్జింగ్ చేయాలి. ఎక్కువకాలం పూర్తిగా ఖాళీగా వదలివేస్తే బ్యాటరీ దెబ్బతింటుంది. పుస్తకాలు ఎక్కిస్తున్నప్పుడు కార్డును హఠాత్తుగా లాగివేయరాదు. కార్డులోని పుస్తకాలకు కంప్యూటరులో మరొక ప్రతి ఉంచుకోవాలి, ఎందుకంటే పోయేది తరచుగా కార్డే గానీ యంత్రం కాదు. కార్డులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నవారు వాటిని వేర్వేరు చిన్న డబ్బాలలో ఉంచి, మూతలపై బ్రెయిల్ చీటీ గానీ, గుర్తుపట్టేందుకు ఒక గుండీ గానీ అంటించుకోవచ్చును. యంత్రం ఏ బటన్‌కూ పలకకుండా నిలిచిపోతే, ఆన్ చేసే బటన్‌ను కొన్ని సెకన్లపాటు నొక్కి పట్టుకొని తిరిగి ప్రారంభించి చూడాలి. అప్పటికీ పలకనప్పుడు మరమ్మతుకు పంపాలి. అందుకు అమ్మిన సంస్థ చిరునామా, గ్యారంటీ గడువు లబ్ధిదారుకు నోటితో చెప్పడమే గాక, ఆ యంత్రంలోనే ఒక చిన్న ధ్వని ఫైలుగా రికార్డు చేసి ఇవ్వడం వీలైన పనే. అట్టపెట్టెపై అచ్చువేసిన చిరునామా ఆ వినియోగదారుకు కనిపించదు.